గర్భకోశపు కంతులు: చికిత్సల విపణి



శ్రావణమాసపు ముసురు వదలని ఒక ఉదయమున, మా ఆసుపత్రి స్త్రీరోగ విభాగమునకు 43 ఏండ్ల వ్యవసాయకూలీ స్త్రీ ఒకతె వచ్చినది. తడిసిన చీరచెంగును పిండుకొనుచునే, ఏదో బట్టల దుకాణమువారి సంచిలోనుండి, తాను తడిసినను అది తడియకుండునట్లు మూడు పొరల ప్లాస్టిక్ కవరులో చుట్టి తెచ్చిన స్కానింగు రిపోర్టును తీసి నా బల్లపై ఉంచినది. క్రింది కనురెప్పను లాగి చూచితిని; అచ్చట ఎఱ్ఱదనమన్నది లేదు, నానిన కాగితము వలె ఉన్నది. రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ 6.4. గర్భకోశపు గోడలో అయిదు సెంటీమీటర్ల కంతి యున్నదని రిపోర్టు చెప్పుచున్నది. నెలకు తొమ్మిది పది దినములు ముట్టు ఆగదనియు, ఆ దినములలో కలుపుతీతకు పోలేక కూలి పోగొట్టుకొనుచున్నదనియు, రెండేండ్లుగా ఇదే వరుసయనియు ఆమె చెప్పినది. ఇంత చెప్పియు, తనకు వచ్చిన జబ్బేమి యని గాని, దానికి మందేమి యని గాని ఆమె అడుగలేదు. "సంచి తీసేత్తే ఎంతవుద్దమ్మా? కార్డు మీద సేత్తారా?" అని మాత్రము అడిగినది.

ఆ వ్యాధికి నేడు లోకమున పెక్కు చికిత్సలున్నవి. మాత్రలున్నవి, గర్భకోశములో అమర్చెడి చిన్న సాధనమున్నది, కంతిని మాత్రమే ఒలిచి తీసెడి శస్త్రచికిత్స యున్నది, రక్తనాళము గుండ సన్నని గొట్టమును పంపి కంతికి రక్తము అందకుండ చేసెడి పద్ధతి యున్నది, ధ్వనితరంగములతో కాల్చెడి పద్ధతియు కలదు. ఆమెకు తెలిసినది ఒక్కటే. ఆ ఒక్కదానిని గూర్చియైనను ఆమె యెఱిగినది దాని వెలయు, ఆ వెలను చెల్లించెడి కార్డును. ఏ చికిత్సకు గిరాకి ఎందువలన పెరుగుచున్నది, ఏది ఎచ్చట అడ్డు తగిలి నిలిచిపోవుచున్నది యన్న విచారణ వ్యాపారులకు లాభనష్టముల లెక్క. ఆ స్త్రీకి మాత్రము తన శరీరములో ఏది మిగులును, ఏది పోవునన్న ప్రశ్న. అందువలననే ఈ విషయమును వ్యాపారులకే విడిచిపెట్టరాదని తలచి నేడు మీ యెదుటికి వచ్చితిని.

ముందుగా వ్యాధిని గూర్చి రెండు మాటలు. ఫైబ్రాయిడు అనునది గర్భకోశపు కండరములో పుట్టెడి కంతి. ఇది క్యాన్సరు కాదు. క్యాన్సరుగా మారుననుట మన పల్లెలలో వ్యాపించిన భయమే గాని శాస్త్రము బలపరచిన మాట కాదు. స్త్రీ అండాశయములనుండి స్రవించెడి ఈస్ట్రోజెను, ప్రొజెస్టెరోను అను హార్మోనులు దీనికి ఆహారము; ముట్లుడిగిన పిమ్మట ఆ ఆహారము తగ్గుటచే కంతి దానంతటదియే కృశించును. కంతి ఎంత పెద్దదన్న దానికంటె ఎచ్చట కూర్చున్నదన్నది ముఖ్యము: పిడికిలంత కంతి గర్భకోశపు వెలుపలి ప్రక్కను అంటుకొని జీవితాంతము ఏ బాధయు పెట్టక యుండవచ్చును, రేగుపండంత కంతి లోపలి పొర క్రింద చేరి నెలనెల మనిషిని మంచము పట్టింపవచ్చును. 2003లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధన, 50 ఏండ్లు వచ్చునప్పటికి అచ్చటి తెల్లజాతి స్త్రీలలో నూటికి 70 మందికి దాదాపుగను, నల్లజాతి స్త్రీలలో 80 మందికి పైగను ఈ కంతులు కనుపించుచున్నవని తేల్చినది. వారిలో చాలమందికి ఏ చికిత్సయు అక్కరలేదు. ఈ మాటను మరచినచో తక్కిన ప్రసంగమంతయు పెడదారి పట్టును.

ఇంతమందికి ఉండెడి వ్యాధి వాణిజ్యదృష్టిని ఆకర్షింపకుండునా? అమెరికాలో ఈ కంతుల వలన ఏటేట కలుగు వ్యయము, చికిత్సకయ్యెడి ధనమును, పోయిన పనిదినముల విలువను కలిపి, 590 కోట్ల డాలర్లు మొదలు 3,440 కోట్ల డాలర్లవరకు ఉండవచ్చునని 2012లో ఒక అంచనా వెలువడినది. కనిష్ఠమునకు గరిష్ఠము దాదాపు ఆరు రెట్లు. ఒక వ్యాధి వలన కలుగు నష్టము ఇంత అస్పష్టముగా మిగులుటకు కారణము, ఆ నష్టములో అధికభాగము లెక్కకెక్కని స్త్రీల శ్రమలోను, చెప్పుకొనని నొప్పిలోను దాగియుండుటయే యని నా అభిప్రాయము. గిరాకి పెరుగుటకు ఇతర హేతువులు తేటతెల్లములు. తాలూకా పట్టణములలో సైతము స్కానింగు యంత్రము వచ్చినది. వెనుక కనుపించని కంతి నేడు కనుపించుచున్నది. చదువులు, ఉద్యోగములు హేతువుగా కాన్పులు ఆలస్యమగుచున్నవి. 35 ఏండ్లకు బిడ్డను కోరునామె గర్భకోశమును పోగొట్టుకొనుటకు ఒప్పుకొనదు. ఈ కోరికను వ్యాపారులు సరిగనే గుర్తించిరి. 2020 డిసెంబరులో ఫైజరు సంస్థ మయోవాంటు అను సంస్థతో ఈ వ్యాధికి పనికివచ్చెడి మాత్రను గూర్చి కుదుర్చుకొన్న ఒప్పందమునకు ముందుగా చెల్లించినది 65 కోట్ల డాలర్లు. కంతిని విద్యుత్తరంగములతో వేడిచేసి కరగించెడి పరికరముల సంస్థలను హోలాజిక్ అను కంపెనీ ఒకటి తరువాత ఒకటి కొనివేసినది. అందు రెండవదాని వెల సుమారు 35 కోట్ల డాలర్లు.

కాని ధనము ప్రవహించిన చోటనే విద్య వికసించునని తలచుట పొరపాటు. ఇంగ్లండులో విక్టర్ బానీ అను శస్త్రవైద్యుడుండెను. ఆయన భార్యకు చిన్నవయస్సుననే కంతి కారణముగా గర్భకోశమును తొలగించిరి. ఆ దంపతులకు సంతానము లేకపోయెను. ఆ దుఃఖము ఆయన చేతిలో ఒక దీక్షగా మారినది. కంతులను ఒక్కొక్కటిగా ఒలిచి తీసి, గర్భకోశమును మరల కుట్టి నిలిపెడి విద్యను ఆయన జీవితమంతయు అభ్యసించెను. ఆ వేళ రక్తస్రావమును అరికట్టుటకు ఒక పట్టుకారును కల్పించెను. 1946లో ఆ విద్యపై గ్రంథమును ప్రకటించెను. ఒకే స్త్రీ గర్భకోశమునుండి 225 కంతులను తీసెనని ప్రసిద్ధి. పనసకాయ కోసి ఒక్కొక్క తొనను చిదుగకుండ తీయువారిని చూచినవారికి ఆ ఓపిక ఎట్టిదో కొంత ఊహకు అందును. పనసకాయ రక్తము కార్చదు, ఇచ్చట ప్రతి నిమిషము రక్తమే. ఇట్టి నైపుణ్యమును డబ్బాలో పెట్టి అమ్ముటకు వీలులేదు. గురువు చేయి చూచి శిష్యుడు నేర్వవలసినదే. గర్భకోశమును మొత్తముగా తీయుట దీనికంటె తేలిక, తక్కువ సమయముతో ముగియును, కంతి మరల వచ్చునన్న చింతయు లేదు. తేలికయైన దానికిని, కష్టమైన దానికిని రుసుములో పెద్ద భేదము లేని చోట వైద్యుని చేయి ఎటు వంగునో వేరుగ చెప్పనక్కరలేదు; ఇది మొదటి అడ్డంకి.

రెండవ అడ్డంకి మా వృత్తిలోనే ఉన్నది. పారిస్ నగరమున జాక్ రవీనా అను వైద్యుడును, ఆయన సహచరులును, శస్త్రచికిత్సలో రక్తస్రావము తగ్గుటకై ముందుగా కంతికి పోవు ధమనులను సన్నని కణములతో మూసివేయుచుండిరి. అట్లు మూసినవారిలో కొందఱు, బాధలు తగ్గినవి గనుక ఇక ఆపరేషను వద్దనిరి! ముందటి మెట్టుగా తలచినదే గమ్యమైనది. పదునారుగురు స్త్రీలను గూర్చి వారు 1995లో ప్రకటించిన ఆ చిన్న వ్యాసమునుండి ఎంబలైజేషను అను చికిత్స పుట్టినది. తొడ మొదటనో, మణికట్టుననో సూదిరంధ్రమంత గాయముతో చేసెడి పని, కడుపు కోయరు. నెదర్లాండ్సులో పదేండ్లపాటు వెంటాడి చూడగా, ఇది చేయించుకొన్నవారిలో మూడింట రెండు వంతులమంది గర్భకోశమును నిలుపుకొనగలిగిరి. 2004లో అమెరికా జాతీయ భద్రతా సలహాదారుగా ఉండిన కాండొలీజా రైస్ ఈ చికిత్స చేయించుకొన్నపుడు లోకమంతయు దీని పేరు విన్నది. ఐనను ఇది అనుకొన్నంత వ్యాపింపలేదు. కారణము విచారకరము: దీనిని చేయువారు రేడియాలజీ వైద్యులు, రోగి మొదట వచ్చునది స్త్రీవైద్యుల యొద్దకు. నా చేతిలో ఉన్న కత్తితో అయ్యెడి పనికి మఱియొక విభాగపు గది తలుపు చూపవలెననిన పెద్దమనసు కావలెను. మాలో అది అందఱికి లేదు. ఒకప్పుడు నాకును లేదు. బిడ్డను కనగోరు స్త్రీకి కంతిని ఒలిచి తీయుటయే మేలని చెప్పుటకు ఆధారములున్నవి. తక్కినవారికి కూడ ఆ తలుపు చూపకపోవుటకు ఆధారములు లేవు.

ధ్వనితరంగముల చికిత్సకు అమెరికా 2004లో అనుమతించినది. ఎం.ఆర్.ఐ. యంత్రములో రోగిని గంటలకొలది పరుండబెట్టి చేయవలసిన పని గనుక, ఆ యంత్రమును అన్ని గంటలు విడిచిపెట్టగల ఆసుపత్రులకే అది సాధ్యము. అంతకంటె చెప్పవలసినది లేదు.

ఇక విశ్వాసభంగమను అడ్డంకి. దీనిని నేను అన్నిటికంటె పెద్దదిగా ఎంచుదును. కంతిని కడుపులోపలనే ముక్కలుచేసి చిన్న రంధ్రము గుండ వెలికి తీయుటకు తిరుగుడు బ్లేడు గల యంత్రమొకటి వాడుకలోనికి వచ్చినది. దానితో కోత చిన్నదైనది, ఇంటికి పోవుట త్వరయైనది. 2013లో బోస్టను నగరమున ఏమీ రీడ్ అను మత్తువైద్యురాలు, ఆరుగురు బిడ్డల తల్లి, ఆ విధముగా ఆపరేషను చేయించుకొన్నది. కంతియని తలచిన దానిలో ఒక అరుదైన క్యాన్సరు దాగియున్నది. యంత్రము దానిని ముక్కలుచేసి కడుపంతయు చల్లినది. ఆమెయు, ఆమె భర్తయు చేసిన పోరాటము వలన, కంతికై శస్త్రచికిత్స చేయించుకొను 350 మందిలో ఒకరికి ఇట్టి రహస్య క్యాన్సరు ఉండవచ్చునని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2014 ఏప్రిలులో హెచ్చరించినది. కొలది నెలలకే జాన్సన్ అండ్ జాన్సన్ తన యంత్రములను వెనుకకు తీసికొనినది. 2017లో ఆమె మరణించినది. మందుల యందును ఇట్లే జరిగినది. యులిప్రిస్టాల్ అను మాత్ర 2012లో ఐరోపాలో అనుమతి పొంది, 2018 నాటికి ఏడున్నర లక్షలమందికి పైగా స్త్రీలు వాడిన పిమ్మట, కొందఱికి కాలేయము దెబ్బతినుట, కాలేయమార్పిడి వఱకు పోవుట బయటపడినది. 2020లో దానిని నిలిపివేసి, తరువాత శస్త్రచికిత్సకు వీలుపడని కొందఱికి మాత్రమే పరిమితము చేసిరి. ఈ కంతుల చికిత్సకు అమెరికా దానిని అనుమతింపనే లేదు. ఇట్టి ప్రతి అనుభవము తరువాతి మంచి మందునకు కూడ దారిలో ముల్లగును. నియంత్రణ సంస్థలు నెమ్మదిగా నడచుచున్నవని కంపెనీలు చేయు ఫిర్యాదును చదివినపుడెల్ల నాకు ఆ తల్లి జ్ఞాపకము వచ్చును.

ఇటీవలి మాత్రలు అండాశయమునకు మెదడునుండి వచ్చెడి ఆజ్ఞను ఆపి, ఆ వెంటనే కొద్దిపాటి హార్మోనును బయటినుండి ఇచ్చి, ఎముకలు గుల్లబారకుండ చూచెడి ఉపాయముతో తయారైనవి. ఎలాగోలిక్స్ గల మాత్రకు అమెరికాలో 2020 మే నెలలోను, రెలుగోలిక్స్ గల మాత్రకు 2021 మే నెలలోను అనుమతి లభించినది. పరీక్షలలో రెండవదానిని వాడిన స్త్రీలలో నూటికి 70 మందికి పైగా రక్తస్రావము గణనీయముగా తగ్గినది. ఇది నిజముగా మేలైన వార్త. కాని ఎముకల భయము చేత అచ్చట 24 నెలలకు మించి వాడవద్దని హద్దు పెట్టిరి; 38 ఏండ్ల స్త్రీ ముట్లుడుగుటకు ఇంకను పది పన్నెండేండ్లున్నవి. ఆ మధ్యకాలము మాటయేమి? వెల మాట చెప్పనే అక్కరలేదు. దినకూలితో బ్రదుకు స్త్రీ నెలనెల కొని మింగవలసిన మందు అది కాజాలదు.

ఇచ్చట మఱియొక మందు కథ చెప్పవలెను. జపానులో ఉటాకో ఒకమోటో అను వైద్యురాలు, ఆమె భర్తయు కలిసి 1962లో ట్రానెక్సామిక్ ఆమ్లమును గూర్చి ప్రకటించిరి. గడ్డకట్టిన రక్తమును శరీరము మరల కరగించుకొను క్రియను ఇది అడ్డును. కంతిని కరగింపదు, ముట్టు దినములలో మాత్రము వాడినచో పోవు రక్తమును తగ్గించును. రక్తనాళములలో గడ్డలు ఏర్పడిన చరిత్ర గలవారికి ఇది తగదు. తక్కినవారికి వైద్యుని సలహాతో సులభముగా వాడదగినది. చవకయైన ఈ మాత్ర మన మందుల దుకాణములన్నిటిలోను దొరకును. దీనిపై హక్కులు ఎవరికిని మిగులలేదు గనుక దీనిని గూర్చి చెప్పుటకు మా గదులకు ప్రతినిధులు సంచులు మోసికొని రారు, సభలు జరుగవు, విందులుండవు. 1990లో ఫిన్లండులో మొదలైన, గర్భకోశములో అమర్చి అయిదేండ్లు విడిచిపెట్టదగిన హార్మోను సాధనము సంగతియు కొంతవఱకు ఇట్టిదే: ఒకమారు పెట్టినచో రోగి మరల మరల రానక్కరలేదు. రోగి రానక్కరలేని చికిత్సను విపణి ఎట్లు ప్రేమించును?

ఇప్పుడు మన తెలుగునేలకు వచ్చెదను. 2015–16 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుండి 49 ఏండ్ల స్త్రీలలో గర్భసంచి తొలగించుకొన్నవారు దేశమంతటను నూటికి 3.2 మంది కాగా, తెలంగాణలో 7.7, ఆంధ్రప్రదేశ్‌లో 8.9. దేశమున అన్ని రాష్ట్రములకంటె మనమే ముందుంటిమి. ఆ ఆపరేషనులలో మూడింట రెండు వంతులు ప్రయివేటు ఆసుపత్రులలో జరిగినవి. సగమునకు పైగా స్త్రీలు చెప్పిన కారణము అధిక రక్తస్రావము. అయిదింట ఒకరు చెప్పినది కంతులు. మన స్త్రీల గర్భకోశములు ఇతర రాష్ట్రముల స్త్రీలవాటికంటె రెండు రెట్లు రోగిష్ఠివని ఏ వైద్యగ్రంథము చెప్పును? ఇచ్చట పెరిగినది వ్యాధి కాదు, ఒక్క చికిత్సకు మాత్రమే గిరాకి.

ఆ గిరాకి ఎట్లు పెరిగెనో నేను కన్నులార చూచితిని. ఊరి ఆర్.ఎం.పి. మొదట చెప్పును, "ఇట్లాగే వదిలేస్తే క్యాన్సరవుద్ది" అని. తరువాత తానే ఆటో మాట్లాడి పట్టణమునకు తీసికొనిపోవును. తోడి కోడలు చెప్పును, "నేను తీయించేసుకున్నా, హాయిగా ఉన్నా." అత్తగారు చెప్పును, "పిల్లలు పుట్టారుగా, ఇంకెందుకా సంచి?" మైల దినములలో ఎడముగా కూర్చుండవలసిన బాధ, కూలి పోవు బాధ, మరుగుదొడ్డి లేని చోట గుడ్డలు ఉదుకుకొను బాధ, ఇవన్నియు కలిసి ఆమెను ఆ బల్లపైకి ఎక్కించును. 2007లో ఆరోగ్యశ్రీ పథకము ప్రారంభమైనది. దాని వలన ఎందఱో పేదల గుండెలు, మూత్రపిండములు బాగుపడినవి. దానిని నేను మనసార మెచ్చుకొందును. కాని గర్భసంచి తొలగింపునకు కూడ వెల కట్టి ప్రయివేటు ఆసుపత్రులకు చెల్లించినపుడు జరిగినదానిపై గగ్గోలు లేచి, ఆ ఆపరేషనును పిమ్మట ప్రభుత్వాసుపత్రులకే పరిమితము చేయవలసి వచ్చినది. శస్త్రచికిత్సకు ప్యాకేజీ కట్టుట సులభము; రక్తము పెంచి, మందిచ్చి, ఆరు నెలలు వేచి చూచుటకు ప్యాకేజీ ఎవరు కట్టుదురు? రాజస్థానమునకు చెందిన వైద్యుడు నరేంద్ర గుప్తా 2013లో వేసిన వ్యాజ్యముపై, అనవసరముగా గర్భకోశములను తొలగించుటను అరికట్టెడి కేంద్ర మార్గదర్శకములను మూడు నెలలలో అమలుచేయవలెనని సుప్రీంకోర్టు 2023 ఏప్రిలులో రాష్ట్రములను ఆదేశించినది. పదేండ్లు పట్టినది. ఆ పదేండ్లలో ముప్పది అయిదేండ్లకే అండాశయములతో సహా అన్నియు పోగొట్టుకొని, నలువదికే నడుమునొప్పి, ఒంటి ఆవిరులు, నిద్రలేమితో మా యొద్దకు తిరిగివచ్చిన స్త్రీలు ఎందఱో. "సంచి తీసిన కాడ్నుంచి ఒంట్లో సత్తువ లేదమ్మా" అను మాట మా వరండాలో వినబడని దినము లేదు.

గర్భకోశమును తీయవలసిన సందర్భములు లేవనుటలేదు. ఉన్నవి, నేనును తీసితిని, అందువలన బ్రదికినవారును ఉన్నారు. అన్ని దారులను చూచిన పిమ్మట, తెలిసికొని ఒప్పుకొన్న స్త్రీకి అది ఒక విముక్తియే. నా వేదన తక్కిన దారుల పేర్లైనను చెప్పకుండ ఆమెను అచ్చటికి చేర్చుటను గూర్చియే. స్కానింగు రిపోర్టులో కంతి యున్నదని వ్రాసి ఊరకుండక, అది ఏ పొరలో ఉన్నదో, దాని వలన ముట్టునకు బాధ కలదో లేదో ఒక్క వాక్యము తెలుగున వ్రాసి యిచ్చినను ఎంతయో మేలు. ప్రతి జిల్లా ఆసుపత్రిలోను కంతిని ఒలిచి తీయగల వైద్యులు ఇద్దఱేని ఉండవలెను. ఆ విద్యను నేర్పుటకు ధనము వెచ్చించుట యంత్రమును కొనుటకంటె తక్కువ ఖర్చు.

శ్రావణమాసమున వచ్చిన ఆ స్త్రీని నేను వెంటనే ఆపరేషనునకు పంపలేదు. 6.4 రక్తముతో బల్లపై పరుండబెట్టుట ఎట్లును ప్రమాదమే. సెలైనులో ఇనుము ఎక్కించితిమి. ముట్టు దినములకు ట్రానెక్సామిక్ మాత్రలు వ్రాసితిని. కంతి గోడలో ఉన్నదే గాని లోపలికి పొడుచుకొని రాలేదని చూపుటకు, చీటీ వెనుక జామకాయ బొమ్మ గీసి అందులో గింజ ఎచ్చట ఉన్నదో గుర్తు పెట్టితిని. ఆమె ఆ బొమ్మను చాలసేపు చూచినది. "అయితే ఇది ముట్లాగిపోతే ఎండిపోద్దా అమ్మా?" అని అడిగినది. ఔనంటిని. "మా అమ్మకు 47కి ఆగినయ్యి" అని వ్రేళ్లపై లెక్క పెట్టుకొనినది.

దీపావళి వెళ్లిన వారమున మరల వచ్చినది. హిమోగ్లోబిన్ 9.8. ముట్టు అయిదు దినములకు దిగినది; వరికోతలకు పోవుచున్నది. ప్లాస్టిక్ కవరు మూడు పొరలును అట్లే ఉన్నవి. రిపోర్టునకు పైన, నాలుగు మడతలుగా, ఆ జామకాయ బొమ్మ గల చీటీ ఉన్నది. తన చెల్లెలికి కూడ ఇట్లే ఉన్నదనియు, వచ్చే సోమవారము పట్టణములో ఆపరేషనుకు దినము పెట్టిరనియు, ముందుగా ఇచ్చటికి తీసికొనిరావచ్చునా యనియు అడిగినది. ఆదివారము నాకు సెలవు. శనివారము ఉదయము తొమ్మిదింటికి రమ్మని చెప్పితిని.